వాకర్ తల మీదుగా పోయిన దారి

గాలీ వానా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా చలి గురించే ఉన్నాయి. వేసవి ఉత్తరాల్లో తిట్లు ఎక్కువ, చలికాలం ఉత్తరాల్లో సందేహాలు ఎక్కువ. ముప్పై మూడేళ్లు వాతావరణ శాఖలో బెలూన్లు ఎగరేసి రిటైరైన నాకు రెండో రకమే ఇష్టం. అమెరికా నుంచి వచ్చిన ఒక ఉత్తరానికి జవాబు రాయడం మొదలుపెడితే మిగతా ప్రశ్నలు కూడా వచ్చి దాని పక్కనే కూర్చున్నాయి. అందుకని ఈసారి వరస నా ఇష్టప్రకారం మార్చాను.

ప్రశ్న: 2021 ఫిబ్రవరిలో మా ఇంట్లో మూడు రోజులు కరెంటు లేదు. బయటి మంచు గిన్నెలతో పట్టి తెచ్చి, కరిగించి బాత్‌రూముకు వాడుకున్నాం. ఇది పోలార్ వోర్టెక్స్ పని అని మా అబ్బాయికి బళ్లో చెప్పారు. మావారేమో లా నినా అన్నారు. అంతకు ఏడాది ముందు గుంటూరు నుంచి వచ్చి, కోవిడ్ వల్ల ఇక్కడే ఉండిపోయిన మా అత్తగారు, "ఎక్కడో సముద్రం చల్లబడితే మన కుళాయి ఎందుకు గడ్డకట్టాలి?" అని అడిగారు. ముగ్గురిలో ఎవరిది సరైన మాట?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: అమ్మా, మంచి ప్రశ్న మీ అత్తగారిది. ఆమెకు జవాబు చెప్పడానికి ఈ శీర్షికంతా పడుతుంది. ముందు మిగతా ఇద్దరి సంగతి చూద్దాం.

మీ అబ్బాయి చెప్పిన ధ్రువ సుడి (పోలార్ వోర్టెక్స్) నిజంగా ఉన్నదే. అయితే అది మీ వీధిలో తిరిగేది కాదు. చలికాలంలో ఉత్తర ధ్రువం మీద నెలల తరబడి సూర్యుడు కనిపించడు. అక్కడి స్ట్రాటో ఆవరణంలో, అంటే నేలకు సుమారు పది నుంచి యాభై కిలోమీటర్ల ఎత్తున ఉండే గాలి పొరలో, గాలి సున్నాకు కింద 80 డిగ్రీల దాకా చల్లబడుతుంది. ఆ చల్లటి గాలి చుట్టూ పడమటి గాలులు కంచె కట్టినట్టు గుండ్రంగా తిరుగుతుంటాయి. 30 కిలోమీటర్ల ఎత్తున, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర వాటి వేగం సాధారణంగా గంటకు వంద కిలోమీటర్లకు పైమాటే. ఈ కంచెనే ధ్రువ సుడి అంటాం. "ధ్రువ సుడి అమెరికా మీద పడింది" అని టీవీలో చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. సుడి పడదు. మీ ఇంటి మీదికి వచ్చింది నేలను ఆనుకుని ఉండే ఆర్కిటిక్ చలిగాలి. పైనున్న కంచె గట్టిగా ఉందా, సడలిందా అన్నదాన్ని బట్టి కింది గాలుల నడక మారుతుంది. సంబంధం అంతవరకే. ఆ ఏడాది జనవరి 5న కంచె తెగింది. 30 కిలోమీటర్ల ఎత్తున పడమటి గాలి ఆగిపోయి, తూర్పు గాలిగా తిరగబడింది. ఆరు వారాల తరవాత, ఫిబ్రవరి 16న, డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 19కి దిగింది. 1949 తరవాత అక్కడ అంత చలి లేదు. టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. జనవరిలో పైన జరిగిందే ఫిబ్రవరిలో కింద జరిగినదానికి కారణమా అన్న విషయంలో మాత్రం శాస్త్రవేత్తలకు ఏకాభిప్రాయం లేదు. కాబట్టి బళ్లో చెప్పిన పాఠం సగం రైటు.

ఇక మీవారు. అది లా నినా చలికాలమే, అంటే భూమధ్యరేఖ దగ్గర మధ్య పసిఫిక్ నీరు మామూలు కంటే చల్లబడిన కాలం. కానీ లా నినా ఉన్నప్పుడు అమెరికా దక్షిణ భాగంలో చలికాలం మామూలు కంటే వెచ్చగా, పొడిగా ఉండడమే రివాజు. పైనున్న కంచె కూడా సగటున కొంచెం బలంగానే ఉంటుంది. ఆ ఏడాది ఈ రెండూ తప్పాయి. లా నినా వేళ ఉత్తర పసిఫిక్ మీద పీడనం పెరిగి, అప్పుడప్పుడు చలిగాలి అమెరికా మైదానాల్లోకి జారడానికి దారి ఇస్తుంది. అందుకని ఆయనకు ఒక అర మార్కు వేస్తాను. అంతకుమించి అడగవద్దని చెప్పండి.

ప్రశ్న: సముద్రం కింద ఉంది, మీరు చెప్పే స్ట్రాటో ఆవరణం 30 కిలోమీటర్ల పైన ఉంది. పసిఫిక్‌లోని వేడి అంత ఎత్తుకు, అందులోనూ ధ్రువం దాకా, ఎలా చేరుతుంది? లెక్క కుదరడం లేదు.
– లెక్కల మాస్టారు, కాకినాడ

జవాబు: వేడి ఎక్కదు మాస్టారూ. అల ఎక్కుతుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే లెక్క కుదురుతుంది.

మామూలు రోజుల్లో భూమధ్యరేఖ దగ్గర తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు పసిఫిక్ వెచ్చటి నీటిని ఇండొనేషియా వైపుకు తోసి ఉంచుతాయి. ఆ గాలులు సడలితే నీళ్లు మధ్య పసిఫిక్ వైపుకు, తూర్పుకు జారతాయి. అదే ఎల్ నినో. క్రిస్మస్ రోజుల్లో తమ తీరానికి వెచ్చటి నీళ్లు రావడం చూసి పెరూ జాలర్లు బాల యేసు పేరు పెట్టుకున్నారు. మధ్య పసిఫిక్‌లో ఒక పెద్ద ప్రాంతంలో నీటి ఉష్ణోగ్రత మామూలు కంటే అర డిగ్రీ పెరిగి, కొన్ని నెలలు అలాగే నిలిస్తే ఎల్ నినో అంటాం. అర డిగ్రీయేనా అని తీసిపారేయకండి. 2015 చివర్లో అది రెండున్నర దాటింది.

వెచ్చటి నీరు ఎక్కడికి పోతే వాన మబ్బులు అక్కడికి పోతాయి. ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని 5 నుంచి 10 కిలోమీటర్ల ఎత్తున వదిలేస్తుంది. అక్కడి గాలి ఉబ్బి పక్కలకు తోసుకుంటుంది. ఉతికిన చీర ఆరేసేటప్పుడు ఇద్దరు ఆడవాళ్లు చెరో కొసా పట్టుకుంటారు చూడండి. ఒకామె తన కొసను విదిలిస్తే మడత అలగా పాకి రెండో ఆమె చేతికి చేరుతుంది. మధ్యలో బట్ట ముందుకు కదలలేదు, విదిలింపు మాత్రం కదిలింది. పసిఫిక్ మధ్యలో పుట్టిన విదిలింపు అలాగే ఈశాన్యంగా వంపు తిరుగుతూ ఒకటి రెండు వారాల్లో అలాస్కా దగ్గరికి వెళ్లి, అక్కడి అల్యూషియన్ అల్పపీడనాన్ని ఇంకా లోతు చేస్తుంది.

ఇక్కడి నుంచి అసలు కథ. ఉత్తరార్ధగోళంలో హిమాలయాలు, రాకీ పర్వతాలు, నేలకూ సముద్రానికీ మధ్య తేడా, ఇవన్నీ కలిసి ప్రతి చలికాలంలోనూ గాలిలో పెద్ద అలలు పుట్టిస్తాయి. ఎంత పెద్దవంటే, భూగోళం చుట్టూ ఒకటో రెండో శిఖరాలు మాత్రమే పడతాయి. మా మచిలీపట్నం తీరంలో అలివి వల లాగే జాలర్లను చూసినవారికి ఇది చెప్పడం తేలిక. "ఐలెస్సా" పిలుపు అందరికీ ఒక్కసారి పడితే వల ఒడ్డుకు వస్తుంది. ఒక జట్టు లాగేటప్పుడు రెండో జట్టు వదిలితే వల అక్కడే ఉంటుంది. ఎల్ నినో తెచ్చే అల, ముందే ఉన్న అలతో పిలుపు కలుపుతుంది, ఎందుకంటే అల్యూషియన్ అల్పపీడనం ఆ పాత అలలో భాగమే. లా నినాలో అదే అల్పపీడనం పల్చబడుతుంది. అంటే రెండో జట్టు వదిలేస్తుందన్నమాట.

పెద్దదైన అల పైకి పోయేకొద్దీ ఇంకా పెద్దదవుతుంది. ఎద్దుల బండి తోలేవాడి చెర్నాకోల మొదట లావు, చివర సన్నం. మణికట్టు కొంచెం తిప్పితే చాలు, కొస ఛెళ్లున మోగుతుంది. గాలి కూడా అంతే, 30 కిలోమీటర్ల ఎత్తున దాని సాంద్రత నేల దగ్గరున్నదానిలో నూరో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఎక్కే అల తన శక్తిని పోగొట్టుకోకపోతే దాని ఊపు సాంద్రత వర్గమూలానికి విలోమంగా పెరగాలి. మాస్టారూ, ఈ లెక్క మీరే చెయ్యగలరు: దాదాపు పది రెట్లు.

అయితే అన్ని అలలూ ఎక్కలేవు. 1961లో జూల్ చార్నీ, ఫిలిప్ డ్రేజిన్ అనే ఇద్దరు దీన్ని లెక్కకట్టి చూపించారు. పైన పడమటి గాలి ఉంటేనే అలకు దారి. తూర్పు గాలి ఉంటే దారి మూత. పడమటి గాలి ఉన్నా చిన్న అలలకు ప్రవేశం లేదు, పెద్దవే దాటతాయి. మన జల్లెడకు ఇది తలకిందుల జల్లెడ అన్నమాట. వేసవిలో స్ట్రాటో ఆవరణంలో వీచేది తూర్పు గాలి. అందుకే ఈ వ్యవహారమంతా చలికాలానికే పరిమితం.

పైకెక్కిన అల ఒడ్డున కెరటం విరిగినట్టు విరుగుతుంది. విరిగి, కంచెగా తిరుగుతున్న పడమటి గాలికి అడ్డుపడి వేగం తగ్గిస్తుంది. వేగం తగ్గగానే ధ్రువం మీద గాలి కిందికి దిగుతుంది, దిగి నొక్కుకుపోతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూడండి, ఆ వేడే ఇది. వారం రోజుల్లో 40, 50 డిగ్రీలు పెరిగిన సందర్భాలున్నాయి. దీన్నే ఆకస్మిక వేడిమి అంటాం. పసిఫిక్ నీటి వేడి ఒక్క పిసరు కూడా అక్కడికి చేరలేదు. చేరింది తోపు మాత్రమే.

ప్రశ్న: ఈ ఆకస్మిక వేడిమిని మొదట చూసిందెవరు? ఉపగ్రహాలు రాకముందే తెలుసా?
– డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: తెలుసు. 1952 జనవరి, ఫిబ్రవరి నెలల్లో బెర్లిన్‌లో రిచర్డ్ షెర్హాగ్ అనే వాతావరణ శాస్త్రవేత్త చూశారు. టెంపెల్‌హాఫ్ విమానాశ్రయం నుంచి ఎగరేసిన బెలూన్లు చాలా ఎత్తుకు వెళ్లేవి. నడిచలికాలంలో, 30 కిలోమీటర్ల దగ్గర, రెండు రోజుల్లో ఉష్ణోగ్రత పదుల డిగ్రీలు ఎగబాకింది. దానికి చాలాకాలం "బెర్లిన్ వింత" అనే పేరుండేది. అది అలల పనే అని 1971లో జపాన్ శాస్త్రవేత్త తారో మత్సునో తేల్చారు.

ఈ సంగతి నేను మొదటిసారి విన్నది పుణెలో, శిక్షణ తరగతిలో. నిజం చెబితే నమ్మలేదు, పరికరం చెడిపోయి ఉంటుందనుకున్నాను. అలా అనుకోవడానికి కారణం ఉంది. అంతకు ముందే, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక తెల్లవారుజామున నేను ఎగరేసిన బెలూను మబ్బు దాటగానే అకారణంగా చల్లబడినట్టు చూపించింది. కొత్త విషయం కనిపెట్టానని పొంగిపోయి మా పై అధికారిని నిద్ర లేపాను. ఆయన కాగితం చూసి, "మబ్బులో తడిసిన ఉష్ణమాపకం గాలికి ఆరుతోందయ్యా, వెళ్లి పడుకో" అన్నారు. తడి బట్ట ఆరేటప్పుడు చల్లబడినట్టే అదీ. ఒక్క బెలూను మాట నమ్మకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. షెర్హాగ్ దగ్గర ఉన్నది ఒక్క బెలూను కాదు, వరసగా ఎన్నో.

ప్రశ్న: ఎల్ నినో వస్తే ధ్రువ సుడి "తప్పక" బలహీనపడుతుందని పోయిన సంచికలో రాశారు. 1997–98 సంగతేమిటి? లెక్కలు చూసి రాయండి.
– విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: దొరికిపోయాను. "తప్పక" అనే మాట నాదే, దయచేసి కొట్టేయండి.

1997–98 ఎల్ నినో 20వ శతాబ్దపు అతి పెద్దవాటిలో ఒకటి. ఆ చలికాలంలో ధ్రువం మీద పెద్ద ఆకస్మిక వేడిమి ఒక్కటీ రాలేదు. మరుసటి చలికాలం బలమైన లా నినా. అప్పుడు మాత్రం 1998 డిసెంబరులో ఒకటి, 1999 ఫిబ్రవరిలో ఇంకొకటి వచ్చాయి. 2018 ఫిబ్రవరి, పైన చెప్పిన 2021 జనవరి, రెండూ లా నినా చలికాలాలే. మరోవైపు 2023–24 ఎల్ నినో పుస్తకంలో రాసినట్టే నడిచింది: జనవరి 16న ఒకటి, మార్చి 4న ఇంకొకటి. ఏమీ లేని తటస్థ సంవత్సరాలతో పోలిస్తే, ఎల్ నినోలోనే కాదు, లా నినాలో కూడా ఈ సంఘటనలు ఎక్కువే కనిపిస్తున్నాయని రికార్డులు చూసినవారు లెక్క తీశారు. సగటు చూస్తే ఎల్ నినో సుడిని బలహీనం చేస్తుంది, లా నినా బలపరుస్తుంది. ఒక్కొక్క చలికాలాన్ని విడిగా చూస్తే ఆ మాట నిలబడదు. సగటు మనిషికి రెండున్నర మంది పిల్లలున్నా, ఎవరింటికి వెళ్లినా అర పిల్లవాడు కనిపించడు కదా.

పైగా లాగే జట్లు రెండే కావు. భూమధ్యరేఖ మీద స్ట్రాటో ఆవరణంలో గాలి కొంతకాలం తూర్పు నుంచి, కొంతకాలం పడమర నుంచి వీస్తూ, దాదాపు 28 నెలలకు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. 1883లో క్రకటోవా పేలినప్పుడు ఆ ధూళి సుమారు రెండు వారాల్లో తూర్పు నుంచి పడమరకు భూమిని చుట్టింది కాబట్టి, అక్కడ ఎప్పుడూ తూర్పు గాలే ఉంటుందనుకున్నారు. 20వ శతాబ్దం మొదట్లో ఆఫ్రికాలో ఎగరేసిన బెలూన్లకు పడమటి గాలి తగిలింది. ఎవరిది తప్పని చాలా ఏళ్లు తల పట్టుకున్నారు. 1960 ప్రాంతంలో తేలింది, ఇద్దరిదీ ఒప్పేనని. తూర్పు గాలి దశలో ఉన్నప్పుడు ధ్రువ సుడి త్వరగా సడలుతుందని 1980లో జేమ్స్ హోల్టన్, షియు-చి టాన్ చూపించారు. ఈ దోబూచులాట మా మచిలీపట్నం బెలూన్లకు అంతగా చిక్కదు, మేము భూమధ్యరేఖకు 16 డిగ్రీలు ఎగువన ఉన్నాం. ప్రపంచమంతా దీనికి సింగపూర్ బెలూన్లను చూస్తుంది.

కాబట్టి ఒక్క పసిఫిక్‌ను చూసి మార్చి దాకా జోస్యం చెప్పేవారిని నమ్మకండి. పోయిన నెల నాతో సహా.

ప్రశ్న: 2018లో ఫిబ్రవరి చివర ఇక్కడ పడిన మంచుకు "తూర్పు నుంచి వచ్చిన మృగం" అని పత్రికలు పేరు పెట్టాయి. దానికీ స్ట్రాటో ఆవరణానికీ లంకె ఉందంటారు. పైన జరిగింది కిందికి ఎలా వస్తుంది?
– లీడ్స్, ఇంగ్లండు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నాను, ఎందుకంటే దీని వెనక మన వాతావరణ శాఖ కథ ఒకటి ఉంది.

1904లో కేంబ్రిడ్జి గణితజ్ఞుడు గిల్బర్ట్ వాకర్ మన శాఖకు అధిపతిగా వచ్చారు. అప్పట్లో కార్యాలయం సిమ్లాలో. కుర్రతనంలో బూమరాంగులు విసరడం మీద ఎంత పిచ్చి ఉండేదంటే కేంబ్రిడ్జిలో ఆయనను "బూమరాంగ్ వాకర్" అనేవారు. వేణువు కూడా వాయించేవారు. 1899లో రుతుపవనాలు విఫలమై కరువు వచ్చింది కదా, ఇలాంటిది ముందే చెప్పగలమా అన్నది ఆయన ముందున్న పని. వాతావరణ శాస్త్రం పెద్దగా చదువుకోని మనిషి. అందుకే కారణాలు వెతకలేదు, ప్రపంచంలో దొరికిన పీడనం, వాన, ఉష్ణోగ్రత అంకెలన్నీ తెప్పించి, గుమాస్తాలను కూర్చోబెట్టి, ఏది దేనితో కలిసి పెరుగుతోందో, తరుగుతోందో లెక్క కట్టించారు. కంప్యూటర్ లేదు. ఊహించుకోండి, ఎన్ని సిరాబుడ్లు ఖర్చయి ఉంటాయో! 1924 నాటికి మూడు ఊగిసలాటలకు పేర్లు పెట్టారు. పసిఫిక్‌కూ హిందూ మహాసముద్రానికీ మధ్య దక్షిణ డోలనం. ఐస్‌లాండ్ దగ్గరి అల్పపీడనానికీ అజోర్స్ దగ్గరి అధికపీడనానికీ మధ్య ఉత్తర అట్లాంటిక్ డోలనం. మూడోది ఉత్తర పసిఫిక్‌ది. దక్షిణ డోలనమూ ఎల్ నినో ఒకే నాణేనికి రెండు వైపులని 1969లో యాకబ్ బ్యెర్క్‌నెస్ చెప్పేదాకా ఎవరికీ స్పష్టంగా తెలియదు.

ఇక మీ మృగం సంగతి. 2018 ఫిబ్రవరి 12న పైన గాలి తిరగబడింది. అలా తిరగబడినప్పుడు ఆ మార్పు మెట్టు మెట్టుగా దిగుతుంది. పై పొరలో తూర్పు గాలి ఏర్పడ్డాక పడమటి గాలి సరిహద్దు కిందికి జరుగుతుంది, తరవాతి అలలు అంతకంటే కిందనే విరుగుతాయి, సరిహద్దు ఇంకా జరుగుతుంది. స్ట్రాటో ఆవరణం అడుగుకు చేరాక కొన్ని వారాలు అక్కడే తిష్ఠ వేస్తుంది. ఒక్కోసారి దాని ప్రభావం రెండు నెలలు ఉంటుంది. కింద అట్లాంటిక్ మీద వీచే పడమటి గాలి సడలుతుంది. వాకర్ చెప్పిన ఉత్తర అట్లాంటిక్ డోలనం రుణాత్మకం వైపుకు ఒరుగుతుంది, అంటే ఆ రెండు పీడనాల మధ్య తేడా తగ్గుతుంది. సముద్రపు వెచ్చదనం మీ ఊరికి రాదు, రష్యా వైపు చలి వస్తుంది. ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదట్లో మీరు చూసింది అదే. ప్రతిసారీ ఇలా కిందిదాకా దిగదు, కొన్ని పైనే సర్దుకుంటాయి.

ఎల్ నినో నుంచి అట్లాంటిక్‌కు, అంటే వాకర్ పెట్టిన మొదటి పేరు నుంచి రెండో పేరుకు, నేల మీదుగా పోయే దారులు ఉన్నాయి. వాటితో పాటు ఒక దారి 30 కిలోమీటర్ల ఎత్తున ధ్రువం మీదుగా పోతుంది. ఆయన మూడో పేరైన ఉత్తర పసిఫిక్ ఆ దారికి తొలి మెట్టు. మూడు పేర్లూ ఒకే మనిషి, ఒకే బల్ల మీద పెట్టారు. వాటిని కలిపే దారి మాత్రం ఆయన తల మీదుగా పోయింది. ఆయన అంకెలన్నీ నేల దగ్గర తీసినవి. సిమ్లాలో ఆ రోజుల్లో ఎవరైనా బెలూను అంత ఎత్తుకు పంపగలిగి ఉంటే ఏమై ఉండేదా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ప్రశ్న: ఉపగ్రహాలకు ముందు కాలంలో ఎల్ నినో పై గాలిని కదిలించిందనడానికి రుజువు ఉందా?
– నెల్లూరు నుంచి చరిత్ర లెక్చరరు

జవాబు: ఉంది, అదీ యుద్ధకాలంలో. 1939 నుంచి 1942 దాకా ఒక ఎల్ నినో వదలకుండా సాగింది. ఐరోపాలో 1940, 41, 42 మూడు చలికాలాలూ కటికవి. స్విట్జర్లాండ్ కొండల్లో అరోసా అనే చిన్న ఊరు ఉంది. అక్కడ 1926లో తల మీది ఓజోన్‌ను కొలవడం మొదలుపెట్టారు. తెగకుండా సాగిన అంత పాత రికార్డు ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఆ యుద్ధకాలపు ఏళ్లలో అక్కడ ఓజోన్ బాగా ఎక్కువగా నమోదైంది. ఓజోన్ ఎక్కువగా తయారయ్యేది ఉష్ణమండలం మీద. అలలు బలంగా విరిగే చలికాలాల్లో గాలి అక్కడ పైకి లేచి ధ్రువం వైపు ఎక్కువగా ప్రవహిస్తూ ఓజోన్‌ను మోసుకొస్తుంది. అంటే ఓజోన్ పెరిగిందంటే సుడి సడలిందనే సాక్ష్యం. 2004లో స్టెఫాన్ బ్రానిమన్, సహచరులు పాత బెలూను కాగితాలు కూడా తవ్వి తీసి, ఈ ముక్కలన్నీ అతికించారు.

చరిత్ర లెక్చరరు గారూ, ఒక్క మనవి. మాస్కో ముంగిట జర్మన్ సేనను ఎల్ నినో ఓడించిందని మాత్రం పిల్లలకు చెప్పకండి. చలి కోట్లు తీసుకెళ్లకపోవడం సముద్రం తప్పు కాదు.

ప్రశ్న: పసిఫిక్ దశాబ్ద డోలనం అంటే ఎల్ నినోయేనా?
– కర్నూలు

జవాబు: కాదు, దాని నిదానపు అన్నగారు. ఉత్తర పసిఫిక్‌లో ఇరవై ముప్పై ఏళ్ల దశలుగా నడుస్తుంది. పేరు 1990ల చివర్లో, అలాస్కాలో సాల్మన్ చేపలు ఒక కాలంలో ఎక్కువ, ఒక కాలంలో తక్కువ ఎందుకు పడుతున్నాయని వెతికినవారు పెట్టారు. వెచ్చటి దశలో అల్యూషియన్ అల్పపీడనం లోతుగా ఉంటుంది. ఆ దశలో ఎల్ నినో వస్తే రెండూ ఒకే "ఐలెస్సా" మీద లాగుతాయి.

ప్రశ్న: లంబసింగిలో సున్నాకు దగ్గరగా చలి పడితే అదీ ధ్రువ సుడి పనేనా?
– నర్సీపట్నం

జవాబు: ఆ పాపం సుడికి అంటగట్టకండి. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, కొండల మధ్య లోయలో ఉంది. మబ్బులేని రాత్రి నేల వేడి ఆకాశానికి పోతుంది, చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట జారి లోయలో నిలుస్తుంది. ఉత్తరం నుంచి పొడిగాలి తోడైతే ఇక చెప్పేదేముంది.

మనకూ ధ్రువానికీ లంకె ఉంటే అది చాలా పైన ఉంది. ధ్రువం మీద గాలి దిగితే ఉష్ణమండలం మీద లేవాలి, లేచిన గాలి చల్లబడాలి. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనాలయం వారు పెద్ద రాడారుతో, లేజర్ కిరణాలతో పైగాలిని కొలుస్తుంటారు. ధ్రువం వేడెక్కిన రోజుల్లో ఉష్ణమండలపు స్ట్రాటో ఆవరణం చల్లబడడం పరిశోధకులు గమనించారు. కింద లంబసింగిలో టీ తాగేవారికి అది తెలియదు.

ప్రశ్న: బెలూను పగిలాక దాని కింద కట్టిన పెట్టె ఏమవుతుంది తాతగారూ?
– ఏడో తరగతి, అవనిగడ్డ

జవాబు: చిట్టి తల్లీ, నేల మీద మనిషంత ఉన్న బెలూను 30 కిలోమీటర్లు వెళ్లేసరికి ఒక పెద్ద గదంత ఉబ్బి ఫట్‌మంటుంది. పెట్టెకు చిన్న గొడుగు కడతాం కాబట్టి మెల్లగా దిగుతుంది. మేము ఎగరేసినవి చాలావరకు సముద్రంలో పడేవి. ఒకసారి మీ దివిసీమ వైపు నుంచి ఒక రైతు బస్సెక్కి మచిలీపట్నం వచ్చి, తాటిచెట్టు మీద దొరికిందని పెట్టె జాగ్రత్తగా సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. కాఫీ ఇచ్చాం. మరి ఎర్రగుడ్డ గొడుగేదని అడిగితే కాసేపు తల దించుకుని, మనవరాలికి పరికిణీ కుట్టించానన్నాడు.